తలుపు అద్దెకు దొరకదు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. సభలు, సదస్సులు పెట్టేవాళ్లు ఆ మాటను కొంచెం మార్చుకోవాలి. ముందు వచ్చేవాళ్లెవరో చూసుకుని, ఆ తరువాత హాలు చూడాలి. కానీ జరిగేది వేరు. కమిటీ సభ్యులు నలుగురు కారులో హోటలుకు వెళతారు. మేనేజరు ఎదురొచ్చి ఏసీ వేయిస్తాడు. పైనుంచి వేలాడే దీపాల గుత్తులు ఒక్కసారిగా వెలుగుతాయి. మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి జీడిపప్పు, కాఫీ పెడతారు. 'బాగుంది' అంటారొకరు. 'మన బడ్జెట్‌లోనే ఉంది' అంటారు ఇంకొకరు. అరగంటలో అడ్వాన్సు చేతులు మారుతుంది.

అచ్చం పెళ్లిచూపులే! ఆ రోజు అందరూ అందంగానే ఉంటారు. అసలు సంగతులు కాపురం మొదలయ్యాక బయటపడతాయి. సభ రోజున స్తంభం వెనక పడ్డ నలభైమందికి వేదిక కనిపించదు. కరెంటు పోతే జనరేటరు లైట్లను మోస్తుంది కానీ ఏసీని మోయలేదు. టీ విరామంలో ఆడవాళ్ల బాత్‌రూమ్ ముందు బారెడు క్యూ. పక్క హాల్లో బరాత్ బ్యాండు. నిర్వాహకుడు చెమటలు తుడుచుకుంటూ మేనేజరు కోసం వెతుకుతుంటే, ఆయన ఫోను స్విచ్చాఫ్.

నిజామాబాద్‌లో ఒక హిస్టరీ లెక్చరరు కూడా ఇలాగే అడ్వాన్సు ఇచ్చేసి ఉండేవాడు. ఆయనకు బోధన్‌లో ఓ మేనమామ ఉండబట్టి ఆగాడు.

లెక్చరరు తలపెట్టింది రెండు రోజుల సదస్సు. నిజాంసాగర్ నీళ్లు, బోధన్ చెరకు, ఆ రెంటి మధ్య బతికిన మనుషులు... ఇదీ విషయం. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి కుటుంబాలు తరలివచ్చి వర్ని, కోటగిరి వైపు క్యాంపులు కట్టుకున్నాయి. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పిల్లలు పాఠాల్లో చదువుకున్నారు. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో గేటు మూతపడింది. శక్కర్ అంటే చక్కెర. ఊరి పేరులో తీపి మిగిలింది. క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలు తలోదిక్కుకూ పోయారు.

ఈ కథంతా పుస్తకాల్లో కొంతే ఉంది. మిగతాది మనుషుల దగ్గర ఉంది. క్రషింగ్ రోజుల్లో రాత్రంతా బండ్ల వరసలో పడుకున్న రైతు, బాయిలరు దగ్గర పనిచేసిన కార్మికుడు, క్వార్టర్స్‌లో కాపురం చేసిన ఇల్లాలు... వీళ్లే అసలు సాక్షులు. ప్రొఫెసర్లు యాభైమంది, రుద్రూరు చెరకు, వరి పరిశోధనా కేంద్రం నుంచి శాస్త్రవేత్తలు కొందరు, విద్యార్థులు కొందరు, వీళ్లు కాక నూరుమంది పెద్దవాళ్లు. అంతా కలిపి రెండు వందలు. ఆ నూరుమందిలో చాలామందికి డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులున్నాయి, చెవుల వినికిడి తగ్గింది. పిల్లలు తోడు లేనిదే గడప దాటనివాళ్లూ ఉన్నారు. 'ఇంకో ఐదేళ్లు ఆగితే అడగడానికి ఎవరూ మిగలరు' అన్నది లెక్చరరు దిగులు.

మామ ఆ ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. కాటా అంటే చెరకు బండ్లను తూచే చోటు. జీవితమంతా తూకాలు రాసిన మనిషికి నోటిమాట మీద నమ్మకం తక్కువ. 'హాలు చూడ్డానికి పోతున్నా' అని అల్లుడు ఫోనులో చెబితే, 'నేనొస్త ఆగు' అన్నాడు. బోధన్ నుంచి నిజామాబాద్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. వచ్చేవాళ్లంతా బస్సుకే వస్తారు కాబట్టి ఆయనా బస్సుకే వచ్చాడు. బస్టాండులో దిగి, గడియారం చూసుకుని, ఆటో మాట్లాడుకుని, హోటలు మలుపు దగ్గర దిగాడు. ఎంతసేపు పట్టింది, ఆటోకు ఎంత అడిగారు, ఎండలో ఎంత దూరం నడవాల్సి వచ్చింది... అన్నీ జేబులోని చిన్న పుస్తకంలోకి ఎక్కాయి. తనిఖీ అక్కడే మొదలైందన్న సంగతి అల్లుడికి తరువాత తెలిసింది.

"నువ్వు ముంగట పో అల్లుడా. నేను ఎనకనుంచి మెల్లగ వస్త" అన్నాడు.

లెక్చరరు ఇన్‌షర్టు, బూట్లతో వెళ్లాడు. గాజు తలుపు తెరుచుకుంది. సెల్యూట్ పడింది. రెండో అంతస్తులో హాలు. మేనేజరు మర్యాదస్తుడు. "మూడు వందల మంది హాయిగా పడతారు సార్" అన్నాడు. అంతా బాగానే ఉంది. ఇరవై నిమిషాలైనా మామ జాడ లేదు. అల్లుడు కంగారుపడి కిందికి దిగబోతుంటే, వేదిక పక్కనున్న చిన్న తలుపులోంచి ఆయన తాపీగా లోపలికి వచ్చాడు. ధోవతి అంచుకు మసి అంటుకుంది.

"ఎటు నుంచి వచ్చావు మామా?"

"గేటుకాడి పిలగాడు పనోళ్లు ఎనకకెళ్లి రావాలన్నడు. ఎనకకెళ్లే వచ్చిన. మంచిదే అయింది, హోటలంత జూసిన" అన్నాడు నవ్వుతూ.

మేనేజరు మొహం మాడిపోయింది. వాచ్‌మన్‌ను పిలవబోయాడు. "ఆ పిలగాన్ని ఏమనకున్రి సారూ. ఆయనకు ఎవరో జెప్పిన్రు, ఆయన నాకు జెప్పిండు" అని మామ ఆపాడు. తరువాత చిన్న పుస్తకం తెరిచి, చూసినవి ఒక్కొక్కటే చదివాడు. వంటగదిలో శాకాహారానికి, మాంసానికి గిన్నెలు వేరు, గరిటెలు ఒకటే. జనరేటరు ఉంది, డీజిలు లేదు. వెనక మెట్ల మీద విరిగిన కుర్చీలు, చుట్టిన తివాచీలు. ఆ మెట్ల కింది తలుపుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ముగ్గురు ముగ్గురి పేర్లు చెప్పారు.

విరిగిన కుర్చీల మాట చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కానీ అగ్ని వచ్చిన రోజున ప్రాణాలు తీసేవి అవే. 1997 జూన్‌లో ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాల్లో 59 మంది చనిపోయారు. పొగ నిండాక బయటికి దారి దొరకక ఊపిరాడక పోయినవాళ్లు వాళ్లు. అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల దగ్గర మొదలైన పొగ మెట్ల గుండా పైనున్న లాడ్జిలోకి పాకింది. 8 మంది పోయారు. మెట్లంటే పొగకు గొట్టంలాంటివి. అందుకే రెండో దారి ఉందా అని అడిగితే చాలదు. ఆ దారిలో స్వయంగా కిందికి దిగి, వీధిలోకి వచ్చి చూడాలి. తలుపు లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. అగ్నిమాపక సిలిండర్ల మీద చీటీ చదవాలి. గడువు తీరినవి గోడకు అలంకారం మాత్రమే.

ఆ తరువాత మామ అల్లుడిని వెనక వరసకు తీసుకెళ్లాడు. "గా వేదిక మీదికెళ్లి మామూలుగ మాట్లాడు. మైకు వద్దు" అన్నాడు. సగం మాటలు వినిపించలేదు. మైకు పెడితే మాట గోడకు తగిలి మళ్లీ వచ్చింది. ఈసారి మామ కూర్చున్నాడు, అల్లుడు తెర వైపు చూశాడు. పైకప్పు తక్కువ కావడంతో తెర కిందికి దిగింది. ముందు వరస తలలు దాటి కింది సగం కనిపించదు. పడమటి కిటికీకి పరదా పలచన. మధ్యాహ్నం మూడు దాటితే తెర మీద బొమ్మకు బదులు ఎండే కనిపిస్తుంది. హాలును చూడాల్సింది సభ జరిగే వేళలోనే అనేది ఇందుకే.

మూడు వందల లెక్క కూడా అప్పుడే తేలింది. హోటళ్లు చెప్పే సంఖ్య వట్టి కుర్చీలు వరసగా వేసిన లెక్క. సదస్సులో రాసుకోవడానికి బల్లలు కావాలి. బల్లలు పడితే ఆ సంఖ్య దాదాపు సగమవుతుంది.  దాంట్లోంచి వేదిక, సౌండు బల్ల, నడిచే దారులు తీసేయాలి. చక్రాల కుర్చీ తిరగాలంటే ఆ దారి ఇంకొంచెం వెడల్పు ఉండాలి. అందుకే 'ఎంతమంది పడతారు?' అని అడగకూడదు. 'రెండు వందల మందికి బల్లలు వేసి చూపించండి' అనాలి. అన్నీ కాకపోయినా రెండు వరసలు వేయిస్తే కళ్లకు కనిపిస్తుంది.

"కాటా మీద బండిని ఒక్కసారి తూయం అల్లుడా. నిండు బండిని ఒకపారి, ఖాళీ బండిని ఒకపారి తూస్తం. రెంటికి నడిమిట్లదే అసలు చెరకు. మనం ఖాళీ హాలు జూసినం. నిండినప్పుడు జూడకపోతే లెక్క ఎట్ల తేలుతది?" అన్నాడు మామ.

అందుకని ఆ వారంలోనే ఓ ముహూర్తం రోజున మళ్లీ వెళ్లారు. హాల్లో పెళ్లి విందు నడుస్తోంది. ఉన్న ఒక్క చిన్న లిఫ్టు ముందు ముసలివాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒక పెద్దావిడ ఓపిక పట్టలేక మెట్లెక్కబోయి, మధ్యలోనే కూర్చుండిపోయింది. ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు. లెక్చరరు ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు. రెండు వందలు అని రాసుకున్న అంకెకు ఆ క్షణాన మనిషి రూపం వచ్చింది.

నిజామాబాద్‌లో సభ పెట్టడం ఒకప్పుడు ఇంతకన్నా పెద్ద పరీక్ష. నిజాం రాజ్యంలో సభ జరపాలంటే హాలు సంగతి తరువాత, ముందు సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అందుకే ఉండేది. ఆ ఆంక్షల నడుమే ఆంధ్ర మహాసభలు జరిగాయి. 1930లో జోగిపేటలో మొదటిది. దానికి అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆరోది 1937లో నిజామాబాద్‌లోనే, మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ పుట్టిన ఏడాదే. మహాసభతో పాటు మహిళా సభ కూడా జరిగేది. నిజామాబాద్‌లో దానికి నందగిరి ఇందిరాదేవి అధ్యక్షురాలు. అనుమతే గగనమైన కాలంలో ఆడవాళ్లకు వేరుగా వేదిక వేసినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు అనుమతులున్నాయి, ఏసీలున్నాయి. అయినా ఆడవాళ్ల బాత్‌రూములు ఎన్ని అని అడిగేవాళ్లు కమిటీకి ఒక్కరుంటే గొప్ప.

అసలు ఆ మహాసభల వెనక ఓ అవమానం ఉంది. 1921లో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. కార్వే అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోని వాళ్లు గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రి కలిగిన బాధలోంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. థియేటరు మంచిదే. వేదికా ఉంది, కుర్చీలూ ఉన్నాయి. లేనిదల్లా మాట్లాడడానికి లేచిన మనిషి పట్ల మర్యాద. బోధన్ పెద్దమనుషుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, మరాఠీ మాట్లాడేవాళ్లు కలిసే ఉంటారు. గాజు తలుపు దగ్గరే 'ఎనక గేటుకు పో' అనిపించుకున్న మనిషి లోపలికొచ్చి మైకు ముందు గుండె విప్పుతాడా? క్లాసులో ఏటేటా ఈ పాఠం చెప్పే లెక్చరరుకు ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

ఇద్దరూ చూసిన రెండో చోటు బోధన్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు. బోధన్ వైపు నుంచి వచ్చే బస్సు దాని ముందే ఆగుతుంది. లోపల దీపాల గుత్తులు లేవు. గోడలకు పాత గులాబీ రంగు. రేకుల కప్పు కింద మాట గంటలా మోగింది. బాత్‌రూముల్లో అన్నీ కింద కూర్చునేవే. ఇన్ని లోపాలు చూసి అల్లుడు పెదవి విరిచాడు. మామ మాత్రం హాలు చుట్టూ ఓసారి తిరిగివచ్చాడు. అంతా నేల మీదే, ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు. మూడు వైపులా వెడల్పాటి తలుపులు. ఎటు నెట్టినా బయటే. గేటు దగ్గర కూర్చున్న ముసలి కాపలాదారు లేచి, "కూసో అన్నా, ఓనరును పిలుస్త" అని తన కుర్చీ ఇచ్చాడు.

"దీంట్ల ఏదీ సరిగ్గా లేదు కదా మామా" అన్నాడు అల్లుడు.

"సౌండు అద్దెకు దొరుకుతది. పరదాలు అద్దెకు దొరుకుతయి. జనరేటర్ సుత దొరుకుతది. తలుపు అద్దెకు దొరుకుతదా?" అన్నాడు మామ.

ఆ ఒక్క ప్రశ్నతో లెక్క తేలిపోయింది. ఏ చోటునైనా చూసి వచ్చాక కాగితం మీద అడ్డంగా ఓ గీత గీయాలి. డబ్బుతో తెచ్చుకోగలిగినవన్నీ గీతకు కింద రాయాలి. పూలు, కుర్చీలు, కూలర్లు, మైకులు, తెర. ఎంత డబ్బు పోసినా సభనాటికి మారనివి గీతకు పైన. మెట్లు, తలుపులు, బస్సు ఆగే చోటు, గాలి, అక్కడివాళ్ల తీరు. పైన ఉన్నవి బాగుంటే కింద ఉన్నవాటికి బేరమాడవచ్చు. పైనున్నవి బాగోకపోతే కిందివి ఎంత చవగ్గా వచ్చినా ఆ చోటు వద్దు.

రేకుల కింద మోత తగ్గడానికి వెనక గోడకు, పక్క గోడలకు మందపాటి షామియానా గుడ్డలు కట్టించాలనుకున్నారు. ముందు రెండు పెద్ద బాక్సులకు బదులు, హాలు పొడవునా చిన్న స్పీకర్లు అక్కడక్కడా పెడితే వెనకవాళ్లకు కూడా మాట నేరుగా వినిపిస్తుందని సౌండు కుర్రాడు చెప్పాడు. మోకాళ్ల నొప్పులవాళ్లకు మెడికల్ షాపులో దొరికే కమోడ్ కుర్చీలు నాలుగు. తేదీ విషయంలోనూ లెక్కలేశారు. ఎండాకాలం వద్దు, నిజామాబాద్ మేలో నిప్పుల కొలిమి. చలికాలంలో చెరకు కొట్టే పని. ఇప్పటికీ చెరకు వేసే రైతులు దూరపు ఫ్యాక్టరీలకు తోలుకోవాలి. ఎండలు ముదరకముందు ఆర్మూరు వైపు వాళ్లకు పసుపు పని. చివరికి, ముహూర్తాలు లేని భాద్రపదంలో, శుక్రవారం రాకుండా శని, ఆదివారాలు కుదిరాయి. పెళ్లిళ్లు లేవు కనుక అద్దె కూడా తగ్గింది.

భోజనం దగ్గర మరో చిన్న తగువు. ఓనరు రాసిచ్చిన మెనూలో పనీరు, నాన్, ఐస్‌క్రీమ్ ఉన్నాయి. "పండ్లు లేనోళ్లు నాన్ ఎట్ల నములుతరు?" అన్నాడు మామ. షుగరున్న వాళ్లకు జొన్నరొట్టె, అందరికీ మెత్తటి అన్నం, పప్పు, పచ్చిపులుసు, మజ్జిగ ఖాయమయ్యాయి. వంటవాడి చేత ఒకపూట అవే వండించుకుని తిని చూశారు. ఒంటిగంటకు భోజనమంటే ఒంటిగంటకే. మాత్రలు వేసుకునేవాళ్లకు ఉపన్యాసం ఎంత గొప్పదైనా గంట ఆలస్యం గంటే.

చివరిది కాగితం. మన దగ్గర సగం గొడవలు 'అప్పుడు మీరు అన్నారు కదా' దగ్గరే మొదలవుతాయి. అద్దె ఎన్ని గంటలకు, ముందురోజు రాత్రి సామాను సర్దుకోనిస్తారా, కరెంటు చార్జీ విడిగానా, జనరేటరు డీజిలు ఎవరిది, ప్లేట్లు తగ్గితే ఎన్నింటికి కట్టాలి, జీఎస్టీ కలిపా విడిగానా, సభ ఆగిపోతే అడ్వాన్సు ఎంత తిరిగొస్తుంది, ఆ రెండు రోజులూ బాధ్యత ఎవరిది, ఆయన రెండో ఫోను నంబరు ఏది... అన్నీ రాసుకున్నారు. ఇది అపనమ్మకం కాదు. నమ్మకం చెడకుండా వేసుకునే కంచె. నిజాయితీగల ఓనరు ఎవరూ కాగితానికి వెనకాడరు.

సంతకాలు పెట్టబోతుంటే మామ కలం ఆపాడు. "ఇంకొక్కటి రాయి అల్లుడా" అని చెప్పి రాయించాడు: 'ముందు తలుపు రెండు రెక్కలూ, రెండు రోజులూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచి ఉంచవలెను.'

ఓనరు నవ్వాడు. తరువాత ఆ వాక్యాన్ని మళ్లీ ఓసారి చదువుకుని, దాని పక్కనే సంతకం పెట్టాడు.